ఉక్కునగరంలో ట్రైనీ ఏడాది

దువ్వాడ స్టేషన్‌లో తెల్లారగట్ల రైలు దిగే ట్రైనీ చేతిలో ఒక సూట్‌కేసు, చంకలో ఒక సర్టిఫికెట్ల ఫైలు ఉండేవి. సూట్‌కేసు పోతే బట్టలు కొనుక్కోవచ్చు గానీ ఫైలు మాత్రం చంక వదలకూడదని ఇంటి దగ్గర పదిసార్లు చెప్పి పంపేవాళ్లు. అక్కడి నుంచి ఆటోలో కూర్మన్నపాలెం జంక్షన్. వేడి వేడి ఇడ్లీ, టీ. ఆ తర్వాత స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ అయిన ఉక్కునగరం వైపు చెట్ల నీడన వెళ్లే వెడల్పాటి రోడ్డు. విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో మేనేజ్‌మెంట్ ట్రైనీగా చేరిన వాళ్లలో చాలామందికి ఉద్యోగం అంటే మొదట గుర్తొచ్చేది ఆ పొద్దుటి చల్లగాలే.

ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో ప్రకటన చూసి, డీడీ తీసి, దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, కాల్ లెటర్ కోసం పోస్ట్‌మ్యాన్ దారి కాసిన కాలం అది. రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ అన్నీ గట్టెక్కాక కూడా చేరే రోజున చిక్కు పెట్టేది మన ఇంటిపేరే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఒక్క అక్షరమే ఉంటుంది, కులం సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివరకు చేరుతుంది. మనకి ముగ్గురూ ఒక్కరే. రికార్డుకి ముగ్గురు వేర్వేరు మనుషులు. అందుకే తెలిసినవాళ్లు ముందే చెప్పేవారు: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా ప్రతి ఫారంలోనూ అలాగే రాయండి, తేడా ఉన్నచోట అఫిడవిట్ జతచేయండి అని. పుట్టినతేదీకీ అదే ఆధారం. ముప్పై ఏళ్లు దాటాక రిటైరయ్యే తేదీ ఆ రోజు నింపిన గడిని బట్టే తేలుతుంది. అప్పట్లో పీఎఫ్ నామినేషన్‌కి ఫారం 2, గ్రాట్యుటీకి ఫారం ఎఫ్ నింపేవారు. పెళ్లి కాకముందు అమ్మానాన్నల పేర్లు రాసి, పెళ్లయ్యాక మార్చడం మరిచిపోయిన వాళ్ల కుటుంబాలు తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. పెళ్లితో పాత పీఎఫ్ నామినేషన్ చెల్లకుండా పోతుందన్న సంగతి చేరే రోజున ఎవరి చెవికీ ఎక్కదు. ఇప్పుడు ఎక్కడ చేరేవాళ్లయినా ఇది మాత్రం రాసి పెట్టుకోండి.

మెడికల్‌లో బీపీ, కంటిచూపు, ఛాతీ ఎక్స్‌రే ఒక ఎత్తు, రంగుల పరీక్ష ఒక ఎత్తు. చుక్కల బొమ్మల్లో దాగిన అంకె కనిపించకపోతే ప్లాంట్ లోపలి పని కష్టమే. లోకో సిగ్నల్, కేబుల్ రంగు, గ్యాస్ పైపు మీద పూసిన పట్టీ, మంట రంగు అన్నీ కళ్లతోనే చదవాలి మరి.

మొదటి కొన్ని వారాలు క్లాసు గదే. ఏసీ చల్లదనానికి మధ్యాహ్నం కునుకు ముంచుకొచ్చే ఆ గదిలో, ఫ్యాక్టరీ కథ చెప్పే గంటలో మాత్రం ఎవరికీ నిద్ర వచ్చేది కాదు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, అమృతరావు గారి నిరాహార దీక్ష, కాల్పుల్లో పోయిన ప్రాణాలు. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూపు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడటం, 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే కొలిమి) వెలగడం, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేయడం. ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టారు, తర్వాత వచ్చిన మూడోది అన్నపూర్ణ. బీఎఫ్-1, బీఎఫ్-2 అని కాగితాల మీద ఎంత రాసుకున్నా, ‘ఈ రోజు గోదావరి ఎలా ఉంది?’ అని ఒకరినొకరు అడిగే ఫ్యాక్టరీ ఇది. నిప్పుల కొలిమిని నది పేరుతో పిలుచుకున్నారంటే దాన్ని ఎంత సొంతం చేసుకున్నారో తెలుస్తుంది.

ఆ క్లాసుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది గ్యాస్ సేఫ్టీ. ఉక్కు ఫ్యాక్టరీలో మూడు గ్యాసులు పైపుల్లో తిరుగుతాయి. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ నూటికి 20 నుంచి 25 వంతులు. ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్ నుంచి వచ్చే ఎల్‌డీ గ్యాస్‌లో 60 దాటుతుంది. బొగ్గును కోక్‌గా కాల్చే కోక్ ఓవెన్ గ్యాస్‌లో అది ఏడెనిమిది వంతులే గానీ, సగానికి పైగా హైడ్రోజన్ కాబట్టి నిప్పు రవ్వ చాలు. కోక్ ఓవెన్ గ్యాస్ తారు వాసనతో తన ఉనికి తనే చెబుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌కి అలాంటి హెచ్చరిక ఉండదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, గాలి కంటే రవ్వంత తేలిక, అంతే. ఎనిమిది గంటలు పనిచేసే చోట 50 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 50 వంతులు) వరకే హద్దు. 200 దగ్గర రెండు మూడు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. 1,600 దగ్గర గంట రెండు గంటల్లో ప్రాణం పోతుంది. 12,800 అయితే ఒకటి నుంచి మూడు నిమిషాలే. ఇప్పుడు నూటికి 25 వంతులు అంటే ఎంతో లెక్క కట్టండి: రెండున్నర లక్షల పీపీఎం. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు గదంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయేది.

ప్రమాదం ఎక్కువగా రెండో మనిషిని కాటేస్తుంది. పడిపోయిన తోటివాణ్ని లాగుదామని మాస్కు లేకుండా పరుగెత్తేవాడు రెండో మనిషి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా ఈ గ్యాస్‌నే పట్టుకుంటుంది. కాళ్లు ముందే చచ్చుబడతాయి, బుద్ధి మాత్రం ‘బాగానే ఉన్నాను’ అంటూనే ఉంటుంది. అందుకే గ్యాస్ ఏరియాకి ఒంటరిగా పోకూడదు, చేతిలో మానిటర్ ఉండాలి, ముందు తలెత్తి గాలి దిశ చూపే గుడ్డ గొట్టం ఎటు ఊగుతోందో చూడాలి. విశాఖలో ఈ చూపు మరీ ముఖ్యం. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం మీంచి నేల మీదికి తిరుగుతుంది. పొద్దున గాలికి ఎగువ అనుకుని నిలబడ్డ చోటే సాయంత్రానికి దిగువ అవుతుంది.

బట్టల గురించి కూడా గట్టిగానే చెప్పేవారు. నూలు బట్టలే వేసుకోవాలి, నిప్పు రవ్వ తగిలితే నైలాన్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. ప్యాంటు అంచు బూటు లోపలికి దోపకూడదు, బూటు మీదికి జారి ఉండాలి. దోపితే రవ్వ నేరుగా బూటులోకి దిగుతుంది, కొత్త బూటు లేసు విప్పేలోపు కాలు కాలిపోతుంది.

క్లాసులు అయ్యాక అసలు చదువు మొదలయ్యేది. ఒక్కో డిపార్ట్‌మెంటులో కొద్ది రోజుల చొప్పున ప్లాంట్ అంతా తిప్పేవారు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఏ డిపార్ట్‌మెంటుకి పంపితే అక్కడ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, ఉన్న బొమ్మల్ని నోట్‌బుక్‌లోకి దింపుకుని వచ్చేయడం. బొమ్మలు లైబ్రరీలోనూ దొరుకుతాయి. సరుకు వెంట నడవాలి. బైలదిల్లా నుంచి కొత్తవలస లైన్లో వ్యాగన్లలో దిగే ఇనుప ఖనిజం, ఓడల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చే కోకింగ్ బొగ్గు, జగ్గయ్యపేట సున్నపురాయి, మాధారం డోలమైట్ మొదలుకుని, చివర ట్రక్కు ఎక్కే కడ్డీ కట్ట దాకా. ఒక చోట తడి రెండు శాతం పెరిగితే మూడు డిపార్ట్‌మెంట్ల అవతల ఎవరికి చెమటలు పడతాయో నడిచినవాడికే తెలుస్తుంది.

కోక్ ఓవెన్ల దగ్గర మొదట కొట్టేది వేడి కాదు, ఎత్తు. ఏడు మీటర్ల ఎత్తు ఓవెన్లు మన దేశంలో మొదట కట్టింది ఇక్కడే. మూడు మిల్లీమీటర్ల లోపుకి నలిగిన బొగ్గు మిశ్రమం పైనుంచి పడుతుంది, గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన పదహారు పద్దెనిమిది గంటలు కాలుతుంది. ఆ తర్వాత ఒక పక్క నుంచి పుషర్ నెడితే, రెండో పక్క ఎర్రటి కోక్ గోడ నిలువునా విరిగి బకెట్లో కూలుతుంది. ఆ కూలడంలోనే ఓవెన్ ఆరోగ్యం కనిపిస్తుంది. గలగలమంటూ నారింజ రంగు ముక్కలు పడి, పొగ పలచగా ఉంటే బాగా కాలినట్టు. నల్లటి పొగ గుప్పుమంటే నడుమ పచ్చి మిగిలినట్టు: ఫ్లూ (గోడలో మంట నడిచే దారి) ఎక్కడో మూసుకుంది, లేదా వేళకు ముందే నెట్టారు. అలాంటి కోక్ ఫర్నేసులో నలిగి పొడి అయి గాలి దారి మూసేస్తుంది. ఎర్రటి కోక్‌ని ఇక్కడ నీళ్లతో కాకుండా నైట్రోజన్‌తో చల్లారుస్తారు. వెయ్యి డిగ్రీల నుంచి రెండు వందల దాకా దిగేటప్పుడు వదిలే వేడితో ఆవిరి పుట్టి, ఆ ఆవిరి కరెంటుగా మారుతుంది. వృథా పోవాల్సిన వేడిని పట్టి దీపం వెలిగించడం అక్కడ కళ్లారా చూడొచ్చు.

సింటర్ ప్లాంట్ గురించి ఎక్కువ చెప్పను. ఖనిజం పొడి, సున్నం, కోక్ పొడి కలిపి కాల్చి గడ్డ కట్టించే చోటు. దుమ్ము కళ్లలో పడుతుంది. తడి సరిగ్గా కుదరకపోతే పరుపులా పరిచిన సరుకులోంచి గాలి దిగదు, చివరికి చేరినా అడుగు కాలదు. ఇది తెలిస్తే చాలు.

బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర మాత్రం ఆగాలి. ట్యూయర్ అంటే వేడి గాలిని లోపలికి ఊదే ముక్కు. దాని వెనక గుండీ అంత చూపుడు రంధ్రం ఉంటుంది. కోబాల్ట్ నీలం గాజు కంటికి అడ్డం పెట్టుకుని చూడాలి. మొదటిసారి ఏమీ కనిపించదు, నీలంలో తెల్లటి వెలుగు తప్ప. పక్కనున్న ఆపరేటర్ ‘కన్ను నిలపండి సార్, కంగారు పడకండి’ అంటాడు. పది క్షణాలు నిలిపితే ఆ వెలుగు కదులుతుంది. మంగలంలో పేలాలు ఎగిరినట్టు కోక్ ముక్కలు గుండ్రంగా ఎగిరి పడుతుంటాయి. రెండు వేల డిగ్రీల పైన. అన్ని ట్యూయర్లూ ఒకే తెలుపుతో ఉంటే ఫర్నేస్ సుఖంగా ఉన్నట్టు. ఒక ముక్కులో నల్లటి గడ్డ అడ్డంగా జారితే కరగని సరుకు కిందకి దిగిపోతున్నట్టు. ఒక వైపు ముక్కులన్నీ ఎరుపు తిరిగితే ఆ పక్క చల్లబడుతున్నట్టు. ఇదంతా కంప్యూటర్ తెర మీదకి రావడానికి ఇంకాస్త టైం పడుతుంది. కంటితో పట్టుకున్నవాడికి ఆ కాస్త టైం చేతిలో మిగులుతుంది.

ఇక టాపింగ్, అంటే కరిగిన ఇనుమును ఫర్నేస్‌లోంచి బయటికి వదలడం. డ్రిల్ యంత్రం టాప్ హోల్‌లోకి మట్టిని తొలుచుకుంటూ పోతుంది. మొదట పసుపు పచ్చటి పొగ, ఆ పైన ఒక్కసారిగా వెలుగు. 1,450 నుంచి 1,500 డిగ్రీల ఇనుము రన్నర్ అనే కాలవలో పాలలా సాఫీగా పారుతుంది. స్కిమ్మర్ అనే అడ్డు దగ్గర స్లాగ్ (మలినాల కరుగు) పైకి తేలి పక్క కాలవలోకి తిరుగుతుంది, ఇనుము కిందుగా దూరి లేడిల్ అనే పెద్ద పాత్ర వైపు పోతుంది. స్లాగ్ మీద నీళ్లు జోరుగా కొట్టినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన లేస్తుంది. ఆ ఇసుకలాంటి పదార్థమే సిమెంటు ఫ్యాక్టరీలకు వెళుతుంది. పాతకాపులు ఇనుము మీద లేచే రవ్వలు చూసి సిలికాన్ చెప్పేసేవారు. రవ్వలు దండిగా, సన్నగా, కింది ఎత్తులో చిటపటలాడితే సిలికాన్ తక్కువ, ఫర్నేస్ చల్లబడుతోంది. రవ్వలు పలచబడి ఇనుము నిదానంగా పారితే సిలికాన్ ఎక్కువ. ల్యాబ్ రిపోర్టు వచ్చాక సరిచూస్తే చాలాసార్లు వాళ్ల మాటే నిలబడేది. ట్రైనీకి నా సలహా ఒకటే: ప్రతి టాపింగ్‌కీ ముందు నీ అంచనా నోట్‌బుక్‌లో రాసుకో, తర్వాత ల్యాబ్ అంకె పక్కన రాయి. ఇరవై ముప్పై టాపింగులు గడిచేసరికి కన్ను పదును తేలుతుంది.

లేడిల్ చల్లబడుతున్నప్పుడు గాలిలో మెరుపులు రాలతాయి. కరిగిన ఇనుములో ఇమడలేని కార్బన్ గ్రాఫైట్ రేకులై బయటికి వస్తుంది. దాన్ని కిష్ అంటారు. షిఫ్టు అయ్యేసరికి హెల్మెట్ మీద, భుజాల మీద, కనుబొమ్మల్లో వెండి పొడి చల్లినట్టు ఉంటుంది. హాస్టల్‌కి వచ్చి స్నానం చేసినా చెవి వెనక కొంచెం మిగిలేది, మర్నాడు తలదిండు మీద మెరిసేది.

టాపింగ్ జరిగే కాస్ట్ హౌస్‌లో అన్నిటికన్నా భయపడాల్సింది నీటికే. తడి మట్టి, తడి రన్నర్, తడి చెంచా. ద్రవ ఇనుము కింద చిక్కిన నీరు ఒక్క క్షణంలో ఆవిరై వెయ్యి రెట్లకు మించి ఉబ్బుతుంది, ఇనుమును చిమ్మేస్తుంది. అందుకే శాంపిల్ తీసే చెంచాని కూడా ముందు మంట మీద కాచి మరీ ముంచుతారు. తుపాను రోజుల్లో, గాలికి జల్లు లోపలికి కొట్టే వేళ, ఈ జాగ్రత్త రెట్టింపు అవుతుంది.

స్టీల్ మెల్టింగ్ షాపులో కాలం గడియారంతో కాదు, బ్లోతో నడుస్తుంది. పదహారు పద్దెనిమిది నిమిషాలు ఆక్సిజన్ ఊదితే నూటికి నాలుగున్న కార్బన్ ఒకటిలో పదో వంతుకి దిగువకు పడిపోతుంది. కన్వర్టర్ మూతి దగ్గర మంట కుంగడం చూసి బ్లో ముగింపు పసిగట్టడం ఒక విద్య. ఆపైన కంటిన్యువస్ కాస్టింగ్, అంటే ద్రవ ఉక్కును ఆగకుండా అచ్చులో పోసి గడ్డకట్టించడం. అక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన అంకె సూపర్‌హీట్, అంటే ఉక్కు గడ్డకట్టే చోటుకి పైన ఇంకా ఎన్ని డిగ్రీలు మిగిలి ఉన్నాయనేది. ఇరవై నుంచి ముప్పై అయిదు మధ్య ఉంటే హాయి. తగ్గితే నాజిల్‌లో ఉక్కు బిగుస్తుంది. పెరిగితే అచ్చులో కట్టిన పొర పలచనై, కిందకి దిగాక చిట్లి లోపలి ద్రవం బయటికి కారుతుంది. దాన్ని బ్రేకవుట్ అంటారు. ఆ స్ట్రాండ్ (ఉక్కు దిగే వరస) శుభ్రం చేసేసరికి ఒక షిఫ్టు గడిచిపోతుంది.

మిల్లుల్లో ఎర్రటి కడ్డీ పాములా పరుగెత్తుతుంది. దారి తప్పితే కాబుల్: క్షణంలో ఇనుప జడల గుట్ట. పసుపు గీత ఎందుకు గీశారో అప్పుడు అర్థమవుతుంది. టీఎంటీ కడ్డీకి పైతోలును నీళ్లతో ఒక్కసారిగా చల్లార్చి, లోపలి వేడితో ఆ తోలును మళ్లీ మెత్తబరుస్తారు. కోసి, గీకి, యాసిడ్ పూస్తే చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు దీన్ని గట్టితనం అంటారు. నిజానికి పైన గట్టి, లోపల సాగే గుణం, రెండూ కలిసిందే అందులోని నేర్పు.

ఏ, బి, సి షిఫ్టులు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. పావుగంట ముందు వచ్చి లాగ్‌బుక్ చదవడం మర్యాద కాదు, అవసరం. వదిలి వెళ్లేవాడు రాయనిది కూడా అడగాలి: ఏ మోటారు వేడెక్కింది, ఏ బేరింగు దగ్గర శబ్దం మారింది, ఏ వాల్వ్ బిగుసుకుంది. సి షిఫ్టులో తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య కళ్లు వాలతాయి. అప్పుడు కూర్చోకూడదు, ఒక రౌండ్ వేయాలి. క్యాంటీన్ టీ, ఉప్మా మీద ఆధారపడి ఆ గంటలు గట్టెక్కేవి. ఎండాకాలం మాత్రం టీ కాదు, ఉప్పు వేసిన మజ్జిగ.

ఆ షిఫ్టుల్లో పక్కన నిలబడిన ఖలాసీ (సహాయక కార్మికుడు) చాలాసార్లు నిర్వాసితుడు. ఫ్యాక్టరీకి భూమి ఇచ్చి, ఆర్ కార్డు (పునరావాస కార్డు) మీద ఉద్యోగంలోకి వచ్చినవాడు. ఒకప్పుడు తమ చెరువు ఎక్కడుండేదో, మామిడితోట ఎక్కడుండేదో ఇప్పటి యార్డు వైపు చెయ్యి చాపి చూపించేవాడు. అలాంటి మనిషికి కుర్చీ చూపించకుండా పని అడిగిన ట్రైనీ ఏమీ నేర్చుకోలేదు. ‘మామయ్యా, ఇదెందుకు ఇలా చప్పుడు చేస్తోంది?’ అని అడిగినవాడికి డ్రాయింగులో లేనిది కూడా దొరికేది.

మరమ్మతు పని దగ్గర పర్మిట్ కాగితం ప్రాణం. షట్‌డౌన్ అడగడం, ఎలక్ట్రికల్ వాళ్లు బ్రేకర్ తీసి తాళం వేయడం, ట్యాగ్ కట్టడం దాకా అందరూ చేస్తారు. మరిచిపోయేది తర్వాతి మెట్టు: అక్కడికక్కడ స్టార్ట్ బటన్ నొక్కి యంత్రం కదలదని చూసుకోవడం. 7ఏ కన్వేయర్‌కి బదులు 7బికి తాళం పడి ఉండొచ్చు. ఆ ఒక్క నొక్కు అది పట్టిస్తుంది. పని ముగిశాక ఎంతమంది లోపలికి వెళ్లారో అంతమందీ బయటికి వచ్చారని తలలు లెక్కపెట్టి గానీ పర్మిట్ వాపసు చేయకూడదు.

ఆఖరి నెలల్లో ప్రాజెక్టు. ‘ఫర్నేస్ ఉత్పాదకత పెంపు’ లాంటి పెద్ద పేరు పెట్టుకున్నవాళ్లు ప్యానెల్ ముందు తడబడేవారు. ఒక కన్వేయరు, ఒక పంపు, ఒక రకం ఆలస్యం చాలు. మూడు నెలల డిలే రికార్డు నిమిషాల్లో తీసి, మెకానికల్, ఎలక్ట్రికల్, ఆపరేషన్ అని విడదీసి, ఎక్కువ నిమిషాలు మింగిన ఒక్కదాన్ని పట్టుకోవాలి. ఆ తర్వాత యంత్రం దగ్గరికి వెళ్లి కొలవాలి. రికార్డులో ‘బెల్ట్ స్లిప్’ అని ఉంటుంది. వెళ్లి చూస్తే పుల్లీ రబ్బరు అరిగి ఉంటుంది, లేదా తడి ఖనిజం చూటులో అంటుకుని బెల్టు మీద మోపు పెరిగి ఉంటుంది. రాసేవాడు కనిపించిన లక్షణం రాస్తాడు, కారణం వెతకాల్సింది ప్రాజెక్టు చేసేవాడు. పాత బ్యాచ్ రిపోర్టు తిరగరాస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు, ఎందుకంటే ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లే ఆ పాత రిపోర్టుకీ సంతకం పెట్టి ఉంటారు.

ఏడాది నిండాక రెగ్యులర్ ఉద్యోగం ఆర్డరు, దాంతో పాటు డిపార్ట్‌మెంటు పేరు. కోరుకున్నది అందరికీ రాదు. కోక్ ఓవెన్లు అడిగినవాడికి రోలింగ్ మిల్లు, ఫర్నేస్ అడిగినవాడికి వాటర్ సప్లై. కణితి రిజర్వాయర్ ఒడ్డున పోస్టింగ్ పడ్డవాళ్లు మొదట చిన్నబోయేవారు. ఏలేరు కాలవ నీళ్లు ఒక పూట ఆగితే ఫర్నేస్ చుట్టూ తిరిగే చల్లదనం ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేశాక, కంటి మీద కునుకు లేకుండా పంపుల గేజీలు చూసుకునేవారు.

తోడు ఎవరూ లేకుండా చేసే మొదటి షిఫ్టు ఎక్కువగా సి షిఫ్టే పడేది. పొద్దున అయిదున్నరకి లాగ్‌బుక్ తెరిచి రాత్రి సంగతులు రాసి, కింద పేరు రాసేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఇంటిపేరు పూర్తిగా రాసేవారు. సంతకం పూర్తయ్యేసరికి పొద్దుటి ‘ఏ’ షిఫ్టు బస్సు గేటు దగ్గర ఆగి ఉండేది.